సగం పెయ్యిని సాదుకునుడు

నేను నర్సునని చెప్తే అందరు సూదులు, గోలీలు అనుకుంటరు. సూదులు ఎన్ని వేసిన్నో నాకు యాది లేదు, యాది పెట్టుకునేటంత గొప్ప పని కూడ కాదది. నా అసలు పని వేరే. వెన్నుపూస దెబ్బతిని, నడుము కింద పెయ్యికి, అంటే ఒంటికి, ఎరుక పోయిన మనిషి మా వార్డుకు వస్తడు. ఆ సగం పెయ్యికి నొప్పి తెల్వదు, వేడి తెల్వదు, ఉచ్చ వచ్చేది తెల్వదు. మాట వినని ఆ సగాన్ని ఇగ బతికినన్ని దినాలు ఎట్ల సాదుకోవాల్నో ఆ మనిషికి నేర్పాలె. గదీ నా ఉద్యోగం.

గిప్పుడు నర్సింగ్ చదివి అసొంటి వార్డులకు పోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "ఏమేం తెల్సుకోవాలె మేడం" అని అడుగుతున్నరు. మందుల లెక్కలు పుస్తకంల ఉంటయి, అవి నాకన్న వాళ్లకే బాగ తెలుసు. పుస్తకంల లేనియి, నేను తప్పు చేసి తెల్సుకున్నయి రాస్తున్న. మనుషుల పేర్లు మార్చిన.

చార్టు చదివిన సిస్టర్

మాది జఫర్‌గఢ్ దగ్గర పల్లె. నర్సింగ్ స్కూల్ల మాకు పాఠాలు చెప్పిన మేడం కోస్తా దిక్కు మనిషి. మనసు మంచిదే, కని నేను నోరు తెరిస్తే చాలు, క్లాసంత నవ్వేటట్టు నా మాటను మల్ల నాకే అప్పజెప్పేది. మూడేండ్లల్ల నేను మాట మార్చుకున్న. "ఉచ్చ" అనుడు బంద్ చేసి "మూత్ర విసర్జన" అనుడు నేర్చుకున్న. గదే చదువనుకున్న.

జనగామల మా దవాఖానల వెన్నుపూస వార్డంటే ఆరు మంచాలు. ఆపరేషన్ పెద్ద పట్నంల అయితది, కుట్లు ఆరినంక మా దగ్గరికి పంపుతరు. మహబూబాబాద్ దిక్కు నుంచి, భూపాలపల్లి దిక్కు నుంచి కూడ వస్తరు. నెలనో రెండు నెలలో ఉంటరు. నేర్పేటందుకు మాకున్నది గంతే.

నేను చేరిన కొత్తల మల్లేశ్ అని ఒక రైతు వచ్చిండు. మహదేవపూర్ అవతల, గోదారి దగ్గరి పల్లె. పొలంల ట్రాక్టర్ బోల్తా పడి నడుము విరిగింది. ఆయన ఇంటికి పోయే దినం పొద్దుగాల నేను గోడకున్న చార్టు తీసుకొని, ఆయన, ఆయన భార్య, తమ్ముడు ముగ్గురి ముందర నిలబడి చదివిన. "ప్రతి రెండు గంటలకు శరీర భంగిమను మార్చవలెను. చర్మమును దినమునకు రెండుసార్లు పరీక్షించవలెను." అర్ధగంటల అన్నీ చదివి, "అర్థమైందా?" అన్న. "అయింది సిస్టర్" అని ముగ్గురు తలకాయలూపిన్రు. నేర్పినం అని కాగితం మీద టిక్కు పెట్టిన.

రెండు నెలలకు మల్లేశ్‌ను జీపుల పండవెట్టుకొని తెచ్చిన్రు. ఒళ్లు కాలిపోతున్నది. బోర్లించి చూస్తే నడుము కింద, వెన్నుపూస కొసకు పుండు. నా అరచెయ్యంత. లోపట ఎముక కనపడ్తున్నది.

"గింత పుండైతుంటే ఎట్ల చూడలే?" అని గట్టిగనే అడిగిన.

మల్లేశ్ నా మొఖం దిక్కు చూసిండు. "నొస్తే చెప్పకపోదునా సిస్టర్? నొయ్యలే."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అన్నది: "రెండు గంటలకోసారి తిప్పుడు మీ ఇనుప మంచానికేమో అనుకున్నం. ఇంట్ల నులక మంచం, మెత్తగుంటది కదా. భంగిమ అంటే ఏందో నాకు తెల్వదు. అడుగుదామంటే నువ్వు తొందరల ఉంటివి."

మా వార్డు డాక్టర్‌ను మేం పెద్దసారు అంటుంటిమి. కోపమెక్కువ, మాట తక్కువ. మల్లేశ్ పాత కాగితాలు తిప్పి చూసి అడిగిన్రు: "నేర్పినం అని టిక్కున్నది. ఎవలు పెట్టిన్రు?"

"నేనే సార్."

"నువ్వు చెప్పినవ్. నేర్పలే."

గంతే. తిట్టలే. తిడితే ఒక్క దినంల మర్చిపోతుంటి.

పుండు మానేదాక మల్లేశ్ మూడు నెలలు బోర్ల పండుకొని ఉన్నడు. ఆ మూడు నెలలు నాకు బడి. ఆయన భార్య పక్కకు కూసొని, ఆమె ఏ మాటకు తలకాయ ఊపుతున్నది, ఏ మాటకు నిజంగ వింటున్నది అని చూసిన. "పక్క మార్చాలె" అంటే వింటది. "ఒక్క పక్కకే పండితే ఆడ నెత్తురు పారది, తోలు సచ్చిపోతది" అంటే అప్పుడు ఎదురు ప్రశ్న అడుగుతది. ఎదురు ప్రశ్న అడిగినంకనే మనం నేర్పుడు మొదలైనట్టు. చార్టు గోడ మీదికెళ్లి తీసేసిన. "అర్థమైందా" అనే మాట కూడ ఆ వార్డుల మల్ల అనలే. ఎవలైన ఆ మాటకు అయిందనే అంటరు. దాని జాగల "చేసి చూపెట్టు" అన్న.

రెండోసారి ఇంటికి పోయేనాడు మల్లేశ్ భార్య నాకు పాఠం అప్పజెప్పింది. మొగన్ని తిప్పి చూపెట్టి, నులక మంచం మీద మెత్తలు ఎక్కడెక్కడ పెడ్తదో చెప్పింది. నా చిన్నప్పటి మాట నాకు తిరిగొచ్చింది ఆ ఇంటామె పుణ్యాన.

గోడ దిక్కు తిరిగిన అయిలయ్య

ఇగ అయిలయ్య ముచ్చట. గిది చాన ఏండ్లకు, నాకు అన్నీ వచ్చనుకున్నంక జరిగింది.

అయిలయ్యది దంతాలపల్లి దగ్గరి ఊరు. తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. నలభై ఏండ్లుంటయి. చెట్టుకు, నడుముకు కలిపి వేసుకునే తాడును మోకు అంటరు. ఆ మోకు తెగి తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. ఆపరేషన్ అయి మా దగ్గరికి వచ్చేనాటికి మూడు వారాలు.

మొదటి దినమే వార్డంత నవ్వించిండు. నేను బీపీ చూస్తుంటే, "సిస్టరమ్మా, నా కల్లు తాగినోళ్లకు ఎవలకు బీపీ రాలే. సారును గూడ ఒక లొట్టి తాగమను" అన్నడు. పక్క మంచాల మీది మనుషుల ఊర్లు, చుట్టరికాలు రెండు దినాలల్ల తెల్సుకున్నడు. కని నేను నేర్పుడు మొదలువెడితే చాలు, గోడ దిక్కు మొఖం తిప్పుకునేది.

"అయిలన్నా, గీ అద్దం పట్టుకొని నీ ఎనక తోలు నువ్వే చూసుకోవాలె, జర చూడు."

"లేసినంక గవన్ని నాకెందుకు సిస్టరమ్మా? నెలకో రెండు నెలలకో లేస్తనాయె."

ఆయన తప్పు కాదది. ఆపరేషన్ చేసిన కాడ "చూద్దాం" అన్నరు. ఊరోళ్లు పండ్లు తెచ్చి "ఏం కాదు, మంచిగైతవ్" అన్నరు. ఆయన అన్న అయితే నన్ను వరండాలకు పిలిచి, "నడక రాదని మాత్రం చెప్పకు సిస్టర్. వాని గుండె పగుల్తది" అని చేతులు పట్టుకున్నడు.

నేను అల్కగున్న తోవ పట్టిన. ఆయనను వదిలిపెట్టి భార్య కౌసల్యకు నేర్పిన. ఏం మనిషి ఆమె! పత్తి ఏరిన చేతులు, ఒక్కసారి చూపెడితే చాలు. వారం తిరిగేసరికి పక్క మార్చుడు, తోలు చూసుడు, రోజు ఒకే యాళ్లకు దొడ్డికి తీసుకపోవుడు, ఉచ్చ పైపు చూసుడు అన్నీ పట్టుకున్నది. నేను మురిసిపోయి పెద్దసారుకు చెప్పుకున్న.

ఒక మాపటేల వార్డు ఎనక బట్టలారేసుకుంట కౌసల్య అన్నది: "అన్ని పనులు నాకే నేర్పుతున్నవ్ సిస్టరమ్మా. నేర్చుకుంట, నాకేం బరువు లేదు. కని ఆయన చేసేటందుకు ఏం మిగిలింది?"

నేను బకెట్ల నుంచి తడి తువ్వాల తీసి ఆమెకు అందించిన.

"పసిపిల్లగాని లెక్క పెయ్యిని నాకు వదిలిపెట్టిండు. నేను తిప్పితే తిరుగుతడు, లేకుంటే లేదు. గంత మొండోడు, నన్ను ఒక్క మాట గూడ అంటలేడు. గదే నాకు బుగులైతున్నది" అన్నది.

గిది నా ఒక్కదాని తప్పు కాదు, మన దవాఖానలన్నిట్ల ఉన్నదే. మొగోడు పడితే పెండ్లానికి నేర్పుతం, ఆడమనిషి పడితే తల్లికో బిడ్డకో నేర్పుతం. పెయ్యి ఎవలదో వాళ్లకే నేర్పుడు మర్చిపోతం. మనకు జల్ది పని అయితది, పడ్డ మనిషి మాత్రం ఇంకింత పడ్తడు.

ఎవలు చెప్పాలె

పెద్దసారుకు కౌసల్య మాట చెప్పిన. "ఆయనకు నిజం తెల్వకుంట నువ్వు ఏం నేర్పినా ఎక్కది. నేనే చెప్త" అన్నరు. అయిలయ్య వాళ్లన్న వద్దన్నడు. కౌసల్యను అడిగినం. "నాకు ఎన్నడో సమజైంది. ఆయన కాళ్లు నాకు ఎరుకైనయి, ఆయనకు తెల్వకపోవుడేంది? చెప్పుర్రి" అన్నది.

సారు ఎప్పుడు నిలబడే చూసి పోతరు. ఆ దినం స్టూలు గుంజుకొని, అయిలయ్య మొఖానికి సమానంగ కూసున్నరు. కౌసల్య కాళ్ల దిక్కు, నేను పక్కకు.

"అయిలయ్యా, నన్నేమన్న అడగాల్నా?"

నేననుకున్న ప్రశ్న కాదు ఆయన అడిగింది.

"సారూ, మల్ల చెట్టెక్కుతనా?"

"ఎక్కవు."

"నడుస్తనా?"

"పడ్డనాటి నుంచి గీనాటిదాక నీ కాళ్లల్ల ఎరుక రాలే, కదలిక రాలే. వస్తదని నాకు నమ్మకం లేదు. వస్తే నీ అంత నేను సంబురపడ్త. కని దానికోసం ఎదురుచూసుకుంట పండుకోకు. బండి మీద కూసొని ఊరంత తిరుగుతవ్. నీ తానం నువ్వే చేస్తవ్. ఏదన్న పని చేసుకుంటవ్. గది నేను ఖాయంగ చెప్త."

"మంచిది సారు" అన్నడు అయిలయ్య. ఏడ్వలే, అరవలే. బయటికొచ్చి సారు నల్లా కింద చేతులు కడుక్కున్నరు. లోపట ఏం ముట్టుకోలే, అయినా చానసేపు కడుక్కున్నరు.

అయిలయ్య రెండు దినాలు అన్నం ముట్టలే. ముచ్చట లేదు, నవ్వు లేదు. వాళ్లన్న వార్డు నడుమ నిలబడి, "మంచిగున్నోన్ని చంపిన్రు మీరు" అని నన్ను తిట్టిండు. ఆ రెండు దినాలు నాకు గూడ బువ్వ లోపటికి పోలే. తప్పు చేసిన్నా అని మస్తు రంది పడ్డ. పిల్లలూ, నిజం చెప్పినంక మీకు గూడ గిట్లనే అయితది. ఆ రెండు దినాలు మంచం కాడికి పోకుంట తప్పించుకోకుండ్రి. మాట లేకున్నా పోయి నిలబడుండ్రి.

మోకు ముచ్చట

మూడో దినం నేను అద్దం తీసుకపోలే. ఉత్త చేతులతోని పోయి మంచం పక్కకు కూసున్న. ఏం మాట్లాడాల్నో తెల్వలే. నోటికొచ్చింది అడిగిన.

"అయిలన్నా, మా ఊర్ల గూడ తాళ్లెక్కుతరు కని నేనెప్పుడు అడగలే. చెట్టెక్కే ముందు ఏం చూసుకుంటవ్?"

మెల్లగ చెప్పుడు మొదలువెట్టిండు. "మోకు చూసుకోవాలె. పొద్దుగాల లేసినంక గదే పని. చేతులకు తీసుకొని పురి పురి తడమాలె. ఒక్క పోగు లేసినా ఎరుకైతది. కంటికి తప్పింది వేలికి తెలుస్తది. మా బాపు నేర్పిండు."

చెప్పుకుంటనే దుప్పటి అంచును వేళ్లతోని తడుముతున్నడు.

"ఆ దినం చూడలే సిస్టరమ్మా. చుట్టాలొస్తున్నరని తొందరల ఎక్కిన. నా మోకు నేను చూసుకోలే. గీ ముచ్చట కౌసల్యకు గూడ చెప్పలే."

అప్పుడు ఏడ్చిండు. పెద్ద మనిషి, గుక్కపట్టి ఏడ్చిండు. నేను ఊకో అనలే. ఆయన ఇన్ని దినాలు గోడ దిక్కు తిరిగింది కాళ్ల కోసం కాదు, గా పొద్దు కోసం. మనకు కనపడే దుఃఖం ఒకటి, మనిషి మోసేది ఇంకొకటి. అడిగితే తప్ప తెల్వదు.

ఏడుపు ఆగినంక అన్న: "తొందర అందరికి అయితదన్నా. గిప్పుడు నీ పిర్రలు, మడిమెలు, నడుము నీకు నొప్పి చెప్పయి. పొద్దుగాల, మాపటికి కంటితోని చూసుకోవాలె, చెయ్యి అందినకాడ వేలుతోని తడిమి చూసుకోవాలె. వేరే తోవ లేదు."

నా దిక్కు చెయ్యి చాపిండు. "అద్దం తే" అన్నడు.

నాలుగు దినాలకు, పొద్దుగాల నేను డ్యూటీకి రాంగనే కేకేసిండు. "సిస్టరమ్మా, ఎడమ మడిమె చూడు. ఎర్రగైంది. ఒత్తితే తెల్లగ అయితలేదు." పోయి ఒత్తి చూసిన. నిజమే. ఎరుపు ఒత్తితే పోవాలె, పోలేదంటే పుండు మొదలైతున్నట్టు. ఆ మడిమెను కౌసల్య ముందటి మాపటికి చూసింది, నేను గూడ చూసిన, ఇద్దరికి కనపడలే. పిక్క కింద మెత్త పెట్టి మడిమెను పక్కకు తాకకుంట లేపినం. మూడు దినాలల్ల ఎరుపు పోయింది. అయిలయ్య ఇద్దర్ని ఎక్కిరిచ్చిండు: "నాలుగు కండ్లున్నయి మీకు, ఏం లాభం?" కౌసల్య అంత సంబురంగ తిట్లు పడుడు నేను మల్ల ఎన్నడు చూడలే.

వచ్చింది

ఇగ పైపు. ఉచ్చబుడ్డ నిండింది ఆయనకు తెల్వదు కాబట్టి నాలుగైదు గంటలకోసారి సన్నపు పైపు తనే వేసుకొని, ఖాళీ చేసి, పైపు తీసేసుకోవాలె. "నువ్వు మా అక్క అసొంటిదానివి, నీ ముందర ఎట్ల సిస్టరమ్మా" అని దుప్పటి గుంజుకున్నడు. జబర్దస్తి చెయ్యలే. ముందు రెండు మూడుసార్లు పెద్దసారు దగ్గరుండి చేయించిన్రు. సొంతంగ చేసే దినం నేను తెర గుంజి అవతల నిలబడ్డ.

"చేతులు సబ్బుతోని కడిగినవా?"

"కడిగిన."

"జెల్లు రాసినవా?"

"రాసిన."

"పైపు ఆగితే నూకకు. ఊపిరి ఇడువు, మెల్లగ పోనియ్యి."

జర సేపటికి వార్డు అదిరేటట్టు ఒక్క కేక: "వచ్చింది! సిస్టరమ్మా, వచ్చింది!"

బయట చెంబు కడుగుతున్న కౌసల్య ఉరికొచ్చింది. కాళ్లల్ల కదలిక వచ్చిందనుకున్నది.

"ఏం వచ్చింది? ఏం వచ్చిందయ్యా?"

"ఉచ్చ!" అన్నడు తెర లోపటికెళ్లి.

వార్డంత నవ్విండ్రు. కౌసల్య మొఖం ఒక్క గడియ అట్లనే ఆగింది. నేను చూసిన. తర్వాత ఆమె గూడ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

ఆ మాపటికే నన్ను పక్కకు పిలిచి, తల దించుకొని అడిగింది: "సిస్టరమ్మా, మేం ఇగ ఆలుమగలం అన్నట్టేనా, కాదా?" గా ప్రశ్న నా ఉద్యోగంల ఎవలైన నోరు తెరిచి అడుగుడు గదే మొదటిసారి. అంతకుముందు వచ్చిన ఎన్ని జంటలు అడగలేక పోయిన్రో నాకు తెల్వదు, నేను గూడ ఎత్తలే. సిగ్గు వాళ్లది కాదు, నాది. "అన్నట్టే కౌసల్యా. కొన్ని మారుతయి, కొన్ని కొత్తగ నేర్చుకోవాలె. సారు ఇద్దరికి కూసోవెట్టి చెప్తరు" అన్న. సారు చెప్పిన్రు. ఆనాటి నుంచి ఆ మాట నేనే ముందు ఎత్తుతుంటి. మీరు గూడ ఎత్తుండ్రి.

జర బయట ఉండు

అయిలయ్య రెండున్నర నెలలకు చక్రాల బండి మీద ఇంటికి పోయిండు. ఇంటి గడప ముందటి రాతి మెట్లు తీసి వాళ్లన్నే మట్టితోని వాలు కట్టిండు, నన్ను తిట్టిన ఆ అన్ననే. గిప్పుడు అన్న చెట్లెక్కి గీస్తడు, అయిలయ్య చెట్ల కింద బండి మీద కూసొని కల్లు పోస్తడు. పిర్రలకు పుండు కాకుంట పావుగంటకోసారి రెండు చేతులు ఆనించి పెయ్యిని లేపుకుంటడట. తాగేటోళ్లు గది చూసి, "అయిలన్న చెట్టెక్కుతున్నడు" అంటరట. ఆయనే చెప్పి నవ్వుతడు.

నేను రిటైర్ అయ్యే ఏడాది భూపాలపల్లి దిక్కు నుంచి కుమార్ అని ఒక డ్రైవర్ వచ్చిండు. ఇరవై ఆరేండ్లు, బైకు మీదికెళ్లి పడ్డడు. నాకు తెల్సిన అన్ని తోవలు పట్టిన. ఆయన పని అడిగిన, ఊరడిగిన, చానసార్లు ఊకనే పక్కకు కూసున్న. ఒకనాడు పైపు తీసి నేలకు కొట్టి, "నడిచేటోళ్లు వచ్చి నాకు చెప్తరు. నీకేం తెలుసు?" అన్నడు. కోపం రాలే. ఆయన అన్నది నిజం. నాకు తెల్సింది పక్క నుంచి చూసి తెల్సింది.

ఆ వారమే అయిలయ్య పరీక్షలకు వచ్చిండు. కౌసల్య బండి నూకబోతే వద్దని, తనే చక్రాలు తిప్పుకుంట వార్డులకు వచ్చి, అడగకుంటనే కుమార్ మంచం పక్కకు బండి ఆపిండు. "ఏ ఊరు తమ్మీ?" అన్నడు. నేను ఇంకో కొత్త పైపు, సబ్బు, తువ్వాల పళ్లెంల పెట్టుకొని, నా పాఠం నేను చెప్దామని ఎనకనే పోయిన.

అయిలయ్య నా దిక్కు తిరిగి పళ్లెం తన ఒడిల పెట్టుకున్నడు. "సిస్టరమ్మా, నువ్వు జర బయట ఉండు. మేం మాట్లాడుకుంటున్నం" అన్నడు.

ఇన్నేండ్లల్ల నన్ను నా వార్డుకెళ్లి బయటికి పంపినోళ్లు ఎవలు లేరు. వరండాల బెంచీ మీద కౌసల్య పక్కకు కూసున్న. లోపట ఏం చెప్తున్నడో పూర్తిగ వినపడలే. కుమార్ గట్టిగ ఏదో అన్నడు, మల్ల ఊకున్నడు. అయిలయ్య మెల్లగ చెప్పుకుంట పోతున్నడు. చానసేపటికి కుమార్ ఒక ఎదురు ప్రశ్న అడిగిండు.

నేను లేవబోయిన. కౌసల్య నా చెయ్యి పట్టి కూసోవెట్టింది. వాళ్లు పిలిచేదాక ఇద్దరం గాడనే కూసున్నం.